షాపులో బాగానే నడిచింది

విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటరు మొరాయిస్తే, దాన్ని బాగుచేయించబోయినవాళ్లు తరచూ వినే మాట ఒకటుంది: ‘షాపులో బాగానే నడిచింది.’ ఇంట్లో రోజుకోసారి నీలితెర చూపించిన యంత్రం, ఎవరో ప్లగ్గు పీకేసినట్టు ఉన్నట్టుండి చీకటైపోయిన యంత్రం, మెకానిక్ బల్లమీద రెండు రోజులు ఏ పేచీ లేకుండా నడుస్తుంది. ఇంటికి తెచ్చిన మర్నాడే మళ్లీ పాత కథ. నాగల్‌గిద్దలో ఈ మాటకి ఖరీదు ఎక్కువ. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాతో పాటే మండల కేంద్రమైన ఈ ఊరు జిల్లాకి పడమటి కొసన, కర్ణాటక సరిహద్దు పక్కన ఉంది. ర్యామ్ ముక్క ఒకటి మార్చి చూద్దామన్నా నారాయణఖేడ్ వెళ్లాలి, అక్కడ దొరక్కపోతే బీదరో సంగారెడ్డో, అదీ కాకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు దాకా పోవాలి. అంత దూరం మోసుకెళ్లిన పెట్టె ‘ఏ లోపమూ లేదు’ అనిపించుకుని తిరిగొస్తే, ఇంట్లోవాళ్లకి మిగిలేది రెండే ఆలోచనలు: మెకానిక్‌కి పని రాదనో, కంప్యూటరుకి దిష్టి తగిలిందనో. ఈ అధ్యాయం చెప్పదలుచుకున్నది వేరే. ‘షాపులో బాగానే నడిచింది’ అన్న మాట ఓటమి కాదు, ఆ యంత్రం గురించి మనకి దొరికిన మొదటి గట్టి సాక్ష్యం. పెట్టె మారలేదు, దాని చుట్టూ ఉన్నవి మారాయి. గోడలో ప్లగ్గు, కరెంటు, గది వేడి, తీగలు, యూపీఎస్ మారాయి. కాబట్టి లోపం పెట్టెలోనే పూర్తిగా ఇమిడి లేదు. పెట్టెకీ పరిసరానికీ మధ్య ఎక్కడో ఉంది.

ఇలాంటి ఆగిపోవడాల్ని మనం ‘ఎప్పుడు పడితే అప్పుడు’ అని వర్ణిస్తాం. ఆ వర్ణన యంత్రం స్వభావాన్ని చెప్పదు, మనం ఏమేం గమనించలేదో చెబుతుంది. ప్రాసెసరు సెకనుకి కొన్ని వందల కోట్ల అడుగులు వేస్తుంది. ప్రతి అడుగులోనూ ఒక వోల్టేజీ నిర్ణీత సమయంలోపు నిర్ణీత మట్టానికి చేరాలి. చేరితే అది ఒకటి, చేరకపోతే సున్నా. తయారీదారు ఈ రెంటికీ మధ్య కొంత వెసులుబాటు వదులుతాడు. వేడి పెరిగినా, వోల్టేజీ కాస్త జారినా, భాగం ఏళ్ల తరబడి అరిగినా పని జరగాలని ఆ జాగా ఉంచుతాడు. ఆరోగ్యంగా ఉన్న యంత్రం ఆ వెసులుబాటు మధ్యలో నడుస్తుంది. జబ్బు యంత్రం దాని అంచున నడుస్తుంది. అంచున నడిచేదాన్ని పడెయ్యడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు. మధ్యాహ్నపు వేడి, పక్కింటి మోటరు, అదే క్షణంలో గ్రాఫిక్స్ కార్డు అడిగిన అదనపు కరెంటు, ఈ మూడూ ఒకేసారి కలిస్తే చాలు. విడివిడిగా ఏ ఒక్కటీ దాన్ని పడెయ్యదు. అందుకే ఎంత వెతికినా ‘కారణం’ కనబడదు. మనం ఒక్క కారణం కోసం వెతుకుతుంటే, అక్కడ ఉన్నది ఒక కూడలి.

ఇది ఊహ కాదనడానికి పెద్ద లెక్కలున్నాయి. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నైటింగేల్, డౌసర్, ఆర్గోవన్ సుమారు పది లక్షల మామూలు వినియోగదారుల కంప్యూటర్లు పంపిన లోపాల నివేదికల్ని వడగట్టి, హార్డ్‌వేర్ వల్ల వచ్చిన వైఫల్యాల్ని విడిగా చూశారు. తేలినవాటిలో ముఖ్యమైనది ఇది: ఒకసారి హార్డ్‌వేర్ లోపంతో పడిపోయిన యంత్రం మళ్లీ అదే రకంగా పడిపోయే అవకాశం, అసలెప్పుడూ పడనిదానితో పోలిస్తే, కొన్ని సందర్భాల్లో వంద రెట్ల స్థాయికి పెరిగింది. నిజంగా గాలివాటు ప్రమాదమే అయితే అలా జరగకూడదు. పిడుగు ఒక చెట్టుమీద పడినంత మాత్రాన రేపు అదే చెట్టుని వెతుక్కుంటూ రాదు. వచ్చిందంటే ఆ చెట్టులోనో, అది నిలబడ్డ చోటులోనో ఏదో ఉంది. అదే అధ్యయనంలో ప్రాసెసరుని దాని హద్దు దాటించి వేగంగా నడిపిన యంత్రాలు ఎక్కువగా పడ్డాయి, హద్దు కన్నా నెమ్మదిగా నడిపినవి తక్కువగా పడ్డాయి. బ్రాండు కంపెనీ బిగించినవాటికన్నా అసెంబుల్డ్ సిస్టమ్‌లు వెనకబడ్డాయి. అంచుకి ఎంత దగ్గరగా నడిపితే అంత త్వరగా పడతాయన్నమాట.

దీనికి వెంటనే ఎదురయ్యే ఆక్షేపణ విశ్వకిరణాలది. ఆకాశం నుంచి వచ్చిన కణం ఒకటి మెమరీలో ఒక బిట్‌ని తిప్పేయగలదని పాఠకులు చదివే ఉంటారు. అది నిజమే. 1978లో ఇంటెల్‌లో పనిచేసిన తిమోతీ మే, ముర్రే వుడ్స్ మెమరీ చిప్పుల్లో ఎవరికీ అంతుబట్టని పొరపాట్లకి కారణం పట్టుకున్నారు. చిప్పుని కప్పిన పింగాణీ తొడుగులో లేశమాత్రంగా ఉన్న రేడియోధార్మిక పదార్థం ఆల్ఫా కణాల్ని వదులుతోంది. ఆ తర్వాతి ఏడాదే విశ్వకిరణాలకి కూడా ఆ శక్తి ఉందని జీగ్లర్, లాన్‌ఫోర్డ్ లెక్కకట్టారు. 2003లో బెల్జియంలోని షార్‌బీక్‌లో ఒక అభ్యర్థికి ఎలక్ట్రానిక్ ఓటింగులో 4096 ఓట్లు ఎక్కువ పడ్డట్టు తేలింది. రెండుని పన్నెండుసార్లు గుణిస్తే సరిగ్గా 4096 వస్తుంది. పదమూడో బిట్ ఒకటి సున్నా నుంచి ఒకటికి తిరిగితే వచ్చే తేడా అది, కారణం బయటి కణమే కావచ్చని అనుమానించారు. మరి మన ఇంటి కంప్యూటరు కూడా ఇలా దైవాధీనంగా ఆగిపోతోందని ఎందుకు అనుకోకూడదు?

అనుకోకూడదనే చెప్పాలి, ఎందుకంటే ఆ కణాలకి ఇల్లూ షాపూ అన్న తేడా లేదు. నారాయణఖేడ్ బజారులో లేనివి నాగల్‌గిద్దలో కురవవు. అదీకాక, అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం ఈ కిరణాల్ని బాగా అడ్డుకుంటుంది. దక్కన్ పీఠభూమి ఎత్తు ఆ రక్షణని కొంత తగ్గిస్తుందంతే. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ తన బెలూన్ కేంద్రాన్ని హైదరాబాద్‌లో నడుపుతోంది. ఖగోళ పరికరాల్ని ఎగరేయడానికి ఈ చోటు అనుకూలం కావడానికి ఒక కారణం ఇక్కడ ఆ కిరణాల రొద తక్కువగా ఉండటమే. అన్నిటికన్నా గట్టి జవాబు 2009లో వచ్చింది. బియాంకా ష్రోడర్, ఇద్దరు గూగుల్ పరిశోధకులు కలిసి గూగుల్ సర్వర్ల మెమరీని రెండున్నరేళ్లు గమనించారు. ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ ముక్కల్లో కనీసం ఒక పొరపాటు కనబడింది. అయితే ఒక నెలలో ఒక పొరపాటు చేసిన ముక్క అదే నెలలో మరొకటి చేసే అవకాశం మిగతావాటికన్నా 13 నుంచి 228 రెట్లు ఎక్కువ. విశ్వకిరణాలు ముక్కని ఎంచుకుని కొట్టవు. ఎక్కువ పొరపాట్లు ఆ ముక్కలోనే ఉన్న స్థిరమైన లోపాలవని వాళ్లు తేల్చారు. నెలల తరబడి హాయిగా నడిచి ఒక్కసారి ఆగిన యంత్రానికి ఆకాశం కారణం కావచ్చు, దాన్ని వదిలేయవచ్చు. వారానికి రెండుసార్లు ఆగేదానికి కారణం నేలమీదే ఉంది.

మెమరీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అంచు అంటే ఏమిటో అక్కడే బాగా కనబడుతుంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక అతి చిన్న కెపాసిటరు. దాన్ని చిల్లుకుండ అనుకోవచ్చు. నీళ్లు పోస్తే నిలుస్తాయి, కానీ కారిపోతూ ఉంటాయి. మట్టం సగానికి దిగేలోపు మళ్లీ నింపకపోతే నిండుకుండ ఏదో ఖాళీకుండ ఏదో తెలియకుండా పోతుంది. అందుకే డీడీఆర్4 రకం ర్యామ్‌లో ప్రతి కుండనీ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలని ప్రమాణం. వేడెక్కితే చిల్లు పెద్దదవుతుంది, కాబట్టి చిప్పు 85 డిగ్రీలు దాటితే ఆ గడువుని 32 మిల్లీసెకన్లకి కుదిస్తారు. వెయ్యి కోట్లకి పైగా ఉన్న కుండల్లో ఒకటి మిగతావాటికన్నా కాస్త ఎక్కువ కారుతోందనుకుందాం. ఆ కుండలో ఈరోజు వీడియోలోని ఒక చుక్క రంగు పడితే ఎవరికీ తెలియదు. రేపు విండోస్ తన సొంత లెక్కల్లో ఒకటి అక్కడ దాచుకుంటే నీలితెర వస్తుంది. అందుకే మెమరీ జబ్బుకి ఒక గుర్తు ఉంది: నీలితెర మీది మాట ప్రతిసారీ మారుతుంది. ఒకరోజు ఒక డ్రైవరు పేరు, మర్నాడు ఇంకొకటి, ఆ తర్వాత బ్రౌజరు ఒక్కటే మూసుకుపోవడం. దోషులుగా కనబడేవాళ్లు మారుతున్నారంటే, వాళ్లంతా కూర్చుంటున్న కుర్చీని చూడాలి.

సొంతంగా బిగించుకునేవాళ్లు తెలియకుండా దాటే హద్దు కూడా ఇక్కడే ఉంది. ర్యామ్ డబ్బామీద అచ్చువేసిన వేగం చాలాసార్లు దాని ప్రామాణిక వేగం కాదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనో ఎక్స్‌పో అనో ఉండే అమరికని ఆన్ చేస్తే వచ్చే వేగం అది. ఆ అమరికలో మెమరీకీ, ప్రాసెసరు లోపలి మెమరీ కంట్రోలరుకీ వోల్టేజీ పెంచి, సమయాలు బిగించి నడుపుతారు. ముక్క వరకు ఆ వేగం పరీక్షించి ఉండవచ్చు. ఈ బోర్డుతో, ఈ ప్రాసెసరుతో, నాలుగు స్లాట్లూ నింపాక, మే నెలలో అది నడుస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి ఆగిపోయే యంత్రం ముందు కూర్చున్నప్పుడు పైసా ఖర్చు లేని మొదటి పని ఆ అమరికని తీసేసి మామూలు వేగానికి దించడం. ఆగిపోవడం మానేసిందా, దారి దొరికింది. మానలేదా, ఒక అనుమానితుణ్ణి వదిలేశాం. మెమ్‌టెస్ట్ లాంటి పరీక్షని రాత్రంతా నడపడం దాని తర్వాతి మెట్టు. ఆ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ముక్క బాగాలేనట్టే. ఒక్కటీ రాకపోతే మాత్రం ముక్క బాగున్నట్టు కాదు, ఆ రాత్రి చల్లదనంలో బాగున్నట్టు.

మెకానిక్‌లు చేసే ఒక పని గురించి ఇక్కడ చెప్పాలి. ర్యామ్ తీసి, దాని కింది అంచున వరసగా ఉన్న బంగారుపూత పళ్లని పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ స్లాట్‌లో టక్కుమనేలా నొక్కుతారు. చాలాసార్లు కంప్యూటరు బతుకుతుంది. ఇది మూఢనమ్మకం కాదు. స్లాట్‌లోని స్ప్రింగు పన్నుకీ ముక్కమీది పూతకీ మధ్య తాకుడు జరిగే చోటు సూదిమొనంత. ఫ్యాన్ల అదురుకీ, పగలూ రాత్రీ వేడి చల్లదనాలకీ లోహం సాగి ముడుచుకుని, ఆ మొన దగ్గర మసి లాంటి పొర ఏర్పడుతుంది. తీసి పెడితేనే ఆ పొర గీరుకుపోతుంది, రబ్బరు దానికి తోడ్పడుతుంది. కానీ ఆ బంగారుపూత మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. రబ్బరులోని గరుకు పొడి దాన్ని కూడా తినేస్తుంది. కింది లోహం బయటపడితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. అందుకని మెత్తటి బట్టకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవడం మేలు. ఇందులో మన వాదనకి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. షాపుకి తీసుకెళ్లేటప్పుడు ఆటోలో, బస్సులో కుదుపులకి ఈ తాకుళ్లన్నీ కొత్తగా సర్దుకుంటాయి. షాపులో బాగానే నడవడానికి కారణం మెకానిక్ చెయ్యి పడటం కాకపోవచ్చు, దారిలో గుంతలు కావచ్చు. ఈ సందర్భంలో మాత్రం లోపం పెట్టెలోనే ఉంది, ఇల్లు నిర్దోషి. ‘షాపులో నడిచింది’ అన్న సాక్ష్యాన్ని గుడ్డిగా నమ్మకూడదన్నది ఇందుకే. అది దిక్కు చూపుతుంది, తీర్పు చెప్పదు.

ఇక కరెంటు. మన ప్రాంతంలో లోపాల కూడళ్లన్నిటికీ ఇది పెద్ద దారి. ఇంటికి రావలసింది 230 వోల్టులు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు అటూ ఇటూ 6 శాతం తేడాని అనుమతించాయి, అంటే సుమారు 216 నుంచి 244 దాకా. లైను చివర ఉన్న ఊళ్లలో ఫ్యాను తిరిగే తీరుని బట్టే వోల్టేజీ చెప్పగలిగినవాళ్లకి ఆ అంకెలతో పరిచయం తక్కువ. ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటరు నడిచేటప్పుడు 6, 7 ఆంపియర్లు లాగుతుంది. బయల్దేరేటప్పుడు దాదాపు ఐదు రెట్లు లాగుతుంది, 30 ఆంపియర్లకి పైగా. స్తంభం నుంచి ఇళ్లకి వచ్చే పాత తీగలో, వదులు జాయింట్లలో అంతా కలిపి ఒక ఓమ్ నిరోధం ఉన్నా, ఆ క్షణంలో 30 వోల్టులు తీగలోనే పోతాయి. దీపం ఒకసారి మసకబారి వెలుగుతుంది. మనిషికి అది రెప్పపాటు, కంప్యూటరుకి యుగం.

క్యాబినెట్‌లో భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఈ రెప్పపాటుని కాచుకోవడానికే ఒక పెద్ద కెపాసిటరు పెట్టుకుంటుంది. బయట కరెంటు పూర్తిగా పోయినా, 16, 17 మిల్లీసెకన్లు లోపలి వోల్టేజీలు నిలబెట్టాలని, వీటి తయారీకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం చెబుతుంది. మన 50 హెర్ట్‌జ్ కరెంటులో ఒక పూర్తి అల 20 మిల్లీసెకన్లు. అంటే ప్రమాణం ప్రకారం చేసిన ఎస్‌ఎంపీఎస్ అయినా ఒక్క అల పూర్తిగా ఎగిరిపోతే నిలబడుతుందన్న పూచీ లేదు. ఇది కొత్తదాని సంగతి. చవక రకాల్లో ముందే తక్కువగా ఉన్న వోల్టేజీని ఏ దిద్దుబాటూ లేకుండా నేరుగా ఆ కెపాసిటరుకి ఎక్కిస్తారు. దానిలో నిలవ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 బదులు 180 వోల్టులొస్తే శక్తి అరవై శాతానికి పడిపోతుంది. అందులోనూ అంతా వాడుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఒక మట్టం కన్నా దిగితే ఎస్‌ఎంపీఎస్ పని ఆపేస్తుంది. ట్యాంకుకి కుళాయి అడుగున కాకుండా సగం ఎత్తున బిగిస్తే ఎలా ఉంటుందో అలా. ట్యాంకులో నీళ్లు కొంచెం దిగితే చాలు, కుళాయికి అందేవి సగానికి సగం తగ్గిపోతాయి. వేడికి ఆ కెపాసిటరులోని ద్రవం ఏటా కొంత ఎండిపోతుంది. ఇలాంటి కెపాసిటర్లకి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే సూత్రం. నాలుగేళ్ల కిందట రెప్పపాటు మసకల్ని అవలీలగా దాటిన యంత్రం ఇప్పుడు వాటికి ఆగిపోతోందంటే, మసకలు పెరిగాయని కాదు, ట్యాంకు చిన్నదయింది.

ఇక ఆ మసకలు తెచ్చే మోటర్ల సంగతి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ప్రకటించారు. బోరు మోటర్లకి ఆటో స్టార్టర్లు బిగించుకోవడం అంతకుముందు నుంచే ఉంది, కరెంటు ఏ అర్ధరాత్రి వస్తే అప్పుడు మోటరు దానంతటదే మొదలవ్వాలని. ఆటో స్టార్టర్లు ఉన్న లైనులో కరెంటు పోయి వచ్చిన క్షణాన్ని తలుచుకోండి. అన్ని మోటర్లూ ఒక్కసారే ఐదు రెట్లు లాగుతాయి. కరెంటు వచ్చిందని మనం కంప్యూటరు ఆన్ చేసేది కూడా సరిగ్గా అప్పుడే. విండోస్ పైకి లేస్తున్న దశలో, డిస్కుమీద రాతలు సగంలో ఉండగా, వోల్టేజీ జారుతుంది. ఆ ఆగిపోవడం వల్ల ఒక ఫైలు పాడవుతుంది. ఆ ఫైలు వల్ల వారం తర్వాత మరో రకంగా ఆగిపోతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ తప్పని తేల్చి ఫార్మాట్ కొడతారు, నాలుగు రోజులు బాగుంటుంది. మొదటి కారణం స్తంభం మీదే మిగిలిపోతుంది. కరెంటు వచ్చాక పది నిమిషాలు ఆగి ఆన్ చేయడం ఒక పరీక్ష కూడా, వైద్యం కూడా.

యూపీఎస్ ఉంది కదా అనవచ్చు. ఉంటే మంచిదే, దానిలో బ్యాటరీ బతికి ఉండాలి. రెండు మూడేళ్లు దాటిన చిన్న బ్యాటరీ పచ్చదీపం చూపిస్తూనే బరువు పడగానే చేతులెత్తేస్తుంది. ఇంటి ఇన్వర్టరుమీద నడిపేవాళ్లు దాని వెనక ఉండే మీట చూసుకోవాలి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారే ఆలస్యం ఫ్యానుకి తెలియదు కానీ ఎస్‌ఎంపీఎస్ ఓర్పుని మించవచ్చు, యూపీఎస్ మోడ్ పెట్టింది అందుకే. చవక ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు అల కూడా కొన్ని కొత్తరకం ఎస్‌ఎంపీఎస్‌లకి పడదు. ఎర్తింగ్ సంగతి ఇంకొకటి. క్యాబినెట్ తాకితే చీమ కుట్టినట్టు జివ్వుమంటోందంటే మూడో పిన్నుకి నేలతో సంబంధం లేదని అర్థం. ఎస్‌ఎంపీఎస్ ముందుభాగంలోని వడపోత కెపాసిటర్లు రేకుని దాదాపు సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 దగ్గర, వేలాడదీస్తాయి. కరెంటు అతి స్వల్పం కాబట్టి ప్రాణానికి ముప్పు లేకపోవచ్చు. కానీ ప్రింటరు తీగ గుచ్చగానే యూఎస్‌బీ పోవడం, ముట్టుకోగానే రీస్టార్ట్ కావడం ఇక్కడి నుంచే రాగలవు. షాపులో ఎర్తింగ్ ఉంటే ఇవేవీ కనబడవు. ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్తింగ్ గుంతలో ఎండాకాలం నీళ్లు పోయడం మన ఇళ్లలో తెలిసిన పనే. కంప్యూటరు ఆగిపోవడానికి అదీ ఒక మందు కావచ్చని మాత్రం తోచదు.

వేడి విషయంలో సాక్ష్యం అనుకున్నంత సూటిగా లేదు, అది ఒప్పుకోవాలి. వేడి పెరిగితే మెమరీ పొరపాట్లు పెరుగుతాయని ప్రయోగశాల చెబితే, పైన చెప్పిన గూగుల్ అధ్యయనం మిగతా కారణాల్ని లెక్కలోకి తీసుకున్నాక వేడి ప్రభావం ఆశ్చర్యపడేంత తక్కువని తేల్చింది. అయితే ఆ సర్వర్లు ఏడాది పొడుగునా చల్లగాలి మధ్య ఉన్నవి. ఇరవై డిగ్రీల గదిలో ఐదారు డిగ్రీల తేడా ఒక సంగతి, నలభై దాటిన గదిలో మూసిన క్యాబినెట్ వేరే సంగతి. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాలు దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతాయి. ప్రాసెసరుకి తన వేడి కొలుచుకుని నెమ్మదించే తెలివి ఉంది. బోర్డుమీద దాని వోల్టేజీని సర్దే భాగాలకీ ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లకీ అన్నిసార్లూ ఆ తెలివి ఉండదు. పత్తి పండే ప్రాంతంలో ఇంకో ఇబ్బంది, దుమ్ము ఒంటరిగా రాదు. ఫ్యాను విప్పి హీట్‌సింకు వైపు చూస్తే, రెక్కల మధ్య నూగూ మట్టీ కలిసి కంబళి ముక్కలా ఒక పొర అల్లుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగా తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం ఆ కంబళి దాటదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి వారం నడపడం ఖర్చు లేని పరీక్ష. ఆగిపోవడం తగ్గితే దారి అటే.

ఇంత చెప్పాక అసలైన ఆక్షేపణ రావాలి: ఎక్కువసార్లు తప్పు సాఫ్ట్‌వేర్‌దే కదా? అవును, చాలాసార్లు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో నమోదైన వైఫల్యాల్లో 85 శాతం డ్రైవర్ల వల్లేనని 2003 నాటి పరిశోధనా పత్రం ఒకటి చెప్పింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క తప్పు ఫైలు సుమారు 85 లక్షల కంప్యూటర్లని నీలితెరకి చేర్చింది. ఆరోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కానీ ఈ ఉదాహరణే తేడా కూడా చెబుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పు ఒకేలాంటి యంత్రాలన్నిటినీ ఒకేలా పడేస్తుంది, అదే మాట పదేపదే చూపిస్తుంది, షాపులోనూ ఇంట్లోనూ తేడా చూపదు. మీ యంత్రం షాపులో నడిచి ఇంట్లో ఆగుతోందంటే, సాఫ్ట్‌వేర్ రెండు చోట్లా ఒకటే అయినప్పుడు, అనుమానం దానిమీద నుంచి చాలావరకు జరిగిపోవాలి.

తెరమీది మాటని ఉన్నదున్నట్టు నమ్మకూడదని చెప్పడానికి ఇటీవలి ఉదాహరణ ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లది. వాటితో కొన్ని ఆటలు ఆడినవాళ్లకి వీడియో మెమరీ చాలలేదన్న సందేశం వచ్చేది. చాలామంది గ్రాఫిక్స్ కార్డుని అనుమానించారు. తప్పు కార్డుది కాదు. ఫైళ్లని విప్పే పనిలో ప్రాసెసరు తప్పు లెక్క చేస్తోంది, ఆ తప్పు లెక్క ఇంకెక్కడో ‘మెమరీ చాలదు’గా బయటపడుతోంది. మైక్రోకోడ్ (ప్రాసెసరుని లోపల నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అడిగిన అధిక వోల్టేజీల వల్ల ప్రాసెసరు లోపలి భాగం అరిగి, స్థిరంగా నడవడానికి కావలసిన కనీస వోల్టేజీయే పెరిగిపోతోందని 2024లో ఇంటెల్ వివరించింది, మైక్రోకోడ్ మార్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అంచు మెల్లగా జరిగి వచ్చి కాళ్ల కిందికి చేరింది. అలాగే విండోస్ చిట్టాలో కనిపించే ‘కెర్నల్-పవర్ 41’ చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేస్తారు. ఆ సంఖ్య చెప్పేది, యంత్రం సరిగా మూయకుండా ఆగిందని మాత్రమే. అది మనకి ముందే తెలుసు.

చివరి ఆక్షేపణ మెకానిక్‌లది, దానిలో న్యాయముంది. ఇంత ఆలోచన ఎందుకు, ఒక్కో భాగం మార్చి చూస్తే పోలేదా? చేతిలో విడిభాగాల అర ఉన్నవాళ్లకి అది మంచి పద్ధతే. కానీ మార్చాక బాగుపడిందని ఎప్పుడు నమ్మాలి? సగటున మూడు రోజులకోసారి ఆగే యంత్రం, ఏమీ మార్చకపోయినా, వరసగా మూడు రోజులు ఆగకుండా నడిచే అవకాశం 37 శాతం. అంటే అసలు కారణం ర్యామ్ కాకపోయినా, దాన్ని మార్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు మూడు రోజులు చూసి ‘పోయింది’ అనుకుంటారు, అది ఉత్త కాకతాళీయం. ఆ అవకాశం 5 శాతానికి తగ్గాలంటే సగటు వ్యవధికి మూడు రెట్లు, అంటే తొమ్మిది రోజులు ఆగాలి. షాపులో పెట్టిన రెండు రోజులు ఈ లెక్కన ఏమీ చెప్పవు. ఆ రెండు రోజుల్లో ఏమీ మారకపోయినా ఆగకుండా నడిచే అవకాశం సగానికి మించే ఉంది. తొమ్మిది రోజులు ఓపిక పట్టలేకపోతే ఇంకో దారి ఉంది, జబ్బుని ముదిరించడం. ప్రాసెసరుకీ గ్రాఫిక్స్ కార్డుకీ ఒకేసారి నిండు బరువు పెట్టే పరీక్ష, మధ్యాహ్నం పూట, అదే ప్లగ్గులో నడిపితే మూడు రోజులకోసారి వచ్చేది గంటకోసారి రావచ్చు. అప్పుడు ప్రతి మార్పు ఫలితం సాయంత్రానికి తెలుస్తుంది. ఒకేసారి రెండు మార్పులు చేయకుండా ఉండాలి, లేకపోతే బాగుపడ్డా దేనివల్లో తెలియదు.

చలిజ్వరం వచ్చినవాణ్ణి వైద్యుడు ముందు అడిగేది ‘ఎప్పుడెప్పుడు వస్తోంది’ అని. రోజు విడిచి రోజు వస్తోందా, రెండు రోజులు విడిచి వస్తోందా అన్నదానిలోనే జబ్బు రకం దాగి ఉంది. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూడటానికి పదేళ్లకి పైగా ముందే, ఇటలీలో గోల్జీ అనే వైద్యుడు జ్వరం వేళల్ని రక్తంలో క్రిములు పగిలే వేళలతో జతపరిచాడు. కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, ఆగిన ప్రతిసారీ తేదీ, గంట, ఎలా ఆగింది, అప్పుడు ఏం నడుస్తోంది, దీపం మసకబారిందా, కరెంటు పోయొచ్చి ఎంతసేపయింది, గది ఎంత వేడిగా ఉంది అన్నవి ఒక్కో వరసలో రాస్తే పది పన్నెండు వరసలకే కూడలి ఆకారం కనబడటం మొదలవుతుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్యే ఎక్కువగా ఉంటే నీళ్ల మోటర్ల వైపు చూడాలి. మధ్యాహ్నమే ఉంటే వేడి వైపు. ఆట మొదలైన రెండు నిమిషాల్లో ప్లగ్గు పీకినట్టు ఆగితే గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా అడిగే కరెంటుని మోయలేని ఎస్‌ఎంపీఎస్ వైపు. ఏ వేళా లేకుండా, మాట మార్చి మార్చి ఆగితే ర్యామ్ వైపు.

అప్పటికీ దొరక్కపోతే పెట్టెని షాపుకి తీసుకెళ్లవలసిందే. అయితే ఈసారి పెట్టె ఒక్కటే బస్సెక్కకూడదు. ఇంట్లో వాడే పవర్ తీగ, యూపీఎస్, నల్లబడ్డ ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఆ నోటుపుస్తకం కూడా ఎక్కాలి. మెకానిక్ వాటినన్నిటినీ అలాగే బిగించి నడిపితే, అక్కడా ఆగిందంటే ఇల్లు నిర్దోషి. ఆగలేదంటే మిగిలినవి నాలుగే: స్తంభం నుంచి వచ్చే కరెంటు, గోడలోని తీగ, ఎర్తింగ్ గుంత, గది వేడి. వాటిని చూడటానికి కావలసింది ర్యామ్ కాదు, టెస్టర్ పట్టుకున్న ఎలక్ట్రీషియన్.